తలలు 64, ఓట్లు 66: లవింగ్ కౌంటీ లెక్క

1890 జనాభా లెక్కల్లో, టెక్సస్ పడమటి కొసన ఉన్న లవింగ్ కౌంటీలో తేలింది ముగ్గురు మనుషులు. మూడేళ్లు తిరిగేసరికి, 1893లో, మా కౌంటీకి సొంత పాలన కావాలంటూ అక్కడి నుంచి ఒక అర్జీ కదిలింది. దాని కింద 150 సంతకాలున్నాయి. 1900లో ప్రభుత్వం మళ్లీ తలలు లెక్కపెడితే 33 వచ్చాయి.

ఇప్పుడు 2020కి వద్దాం. ఆ ఏడాది ఏప్రిల్ లెక్క ప్రకారం కౌంటీ జనాభా 64, చంటిపిల్లలతో సహా. నవంబర్‌లో అధ్యక్ష ఎన్నికలు జరిగితే అదే కౌంటీలో పోలైన ఓట్లు 66.

రెండోది చూసి దొంగ ఓట్లని వెంటనే తీర్మానించెయ్యక్కర్లేదు. మొదటిది మాత్రం అలాంటి వ్యవహారమే. లవింగ్ గురించి రాసేవాళ్లు ‘అమెరికాలోకెల్లా అతి తక్కువ జనం ఉన్న కౌంటీ’ అని మొదలుపెట్టి, ఆ వింత దగ్గరే ఆగిపోతుంటారు. జనం తక్కువ కావడంలో పెద్ద విశేషమేమీ లేదు, ఎడారిలో ఎక్కడైనా తక్కువే ఉంటారు. ఈ కౌంటీకి ఎవరు చెందుతారు, ఎవరు చెందరు అన్నది పుట్టిన రోజు నుంచీ ఒక కొలిక్కి రాకపోవడమే ఇక్కడి అసలు కథ. దానికి కారణం కూడా నేలలోనే ఉంది.

ముందు కౌంటీ అంటే ఏమిటో రెండు ముక్కలు. విస్తీర్ణంలో మన మండలానికీ జిల్లాకీ మధ్యరకంగా ఉండే పాలనా విభాగం అది. టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి. మన జిల్లాతో పోలిస్తే పెద్ద తేడా ఏమిటంటే, పైనుంచి వేసే కలెక్టర్ లాంటివాడు అక్కడ ఉండడు. కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు, పోలీసు వ్యవహారాలు చూసే షెరీఫ్, క్లర్కు, ఖజానాదారు, ఇలా అందరూ ఓట్లతో గెలిచి రావలసినవాళ్లే. పేరుకు జడ్జి అయినా ఆయన చేసేది ఎక్కువగా పాలన పనే. దాదాపు అరకోటి మంది ఉన్న కౌంటీకీ ఇదే చట్రం, అరవై మంది ఉన్నదానికీ ఇదే. కాబట్టి లవింగ్‌లో పదవులు పదికి పైగా ఉంటే, వాటిని నింపాల్సిన జనం అరవై చిల్లర. ఎన్నికల్లో నిలబడేది అన్న, ఎదురు నిలిచేది బాబాయి కొడుకు, ఓట్లు లెక్కపెట్టేది మేనకోడలు అయితే ఆశ్చర్యపోనక్కర్లేదు. పెద్ద నేరాల విచారణకి 12 మంది జ్యూరీ కావాలి. నిందితుడికి చుట్టం కాని పన్నెండు మందిని అక్కడ వెతికి పట్టుకోవడం ఎంత పనో ఊహించుకోవచ్చు.

టెక్సస్ అనగానే మనవాళ్లకి కళ్లముందు మెదిలేది డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో. అక్కడి నుంచి 20వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని పడమరకి ఆరేడు గంటలు పోతే పెకోస్ పట్నం వస్తుంది. అక్కణ్ణుంచి ఉత్తరానికి తిరిగితే లవింగ్ కౌంటీ, దాని ఏకైక ఊరు మెంటోన్. ఉత్తరపు హద్దు దాటితే న్యూమెక్సికో, గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి. పడమటి హద్దు పెకోస్ నది. తూర్పున వింక్లర్ కౌంటీ. మొత్తం విస్తీర్ణం 677 చదరపు మైళ్లు, అంటే దాదాపు 1,750 చదరపు కిలోమీటర్లు. 64 మందికి పంచితే తలకి 27 చదరపు కిలోమీటర్లు వస్తుంది.

భూమి దాదాపు చదునుగా ఉంటుంది. సముద్రమట్టానికి 2,700 నుంచి 3,300 అడుగుల ఎత్తు. ఏడాది మొత్తానికి పది అంగుళాలకి కాస్త అటూ ఇటూగా వాన. నేల మీద కనిపించేది ఇసుక, గచ్చులాంటి తెల్లసున్నపు నేల, క్రియోసోట్ పొదలు, మెస్కీట్ తుప్పలు. మెస్కీట్ అంటే తెలుగువాళ్లకి కొత్తదేం కాదు. మన చెరువు గట్ల మీదా బీళ్లలోనూ పట్టుకుని వదలని సర్కారు తుమ్మకి అది సాక్షాత్తూ దాయాది. ఆ ముల్లు, ఆ సన్నని ఆకు, ఎంత నరికినా మళ్లీ చిగిర్చే ఆ మొండితనం అచ్చం అవే. వేళ్లు లోతుకు దించి, పక్క మొక్కకి నీటిచుక్క మిగలనివ్వదు. అలాంటి చెట్టు హాయిగా బతికే చోట మనిషి బతకడం కష్టమని రైతు ఎవరైనా చెబుతాడు.

నది ఉందిగా అనుకోవచ్చు. ఉంది, కానీ దాని నీళ్లు నోట్లో పెట్టుకోలేం. 26 కోట్ల ఏళ్ల కిందట, పర్మియన్ యుగంలో, ఈ ప్రాంతమంతా ఒక లోతైన సముద్రపు గుంట. డెలవేర్ బేసిన్ అంటారు. చుట్టూ దిబ్బలు లేచి, సముద్రంతో తెగతెంపులై, నీళ్లు ఇగిరిపోగా వేల అడుగుల మందాన ఉప్పు, జిప్సం పేరుకున్నాయి. పెకోస్ న్యూమెక్సికోలోని మలాగా బెండ్ అనే వంక దగ్గర ఆ పొరల నుంచి ఊరే చిక్కటి ఉప్పునీటిని కలుపుకుని, అదే ఊపులో టెక్సస్‌లో అడుగుపెడుతుంది. అంటే లవింగ్‌కి వచ్చేసరికే నది చెడిపోయి ఉంటుంది. ఒడ్డు కోసుకుపోకుండా ఒకప్పుడు నాటిన టామరిస్క్ పొదలు మిగిలిన నీళ్లు తాగి, రాల్చిన ఆకులతో ఇంకాస్త ఉప్పు కలుపుతాయి.

అదే సముద్రపు అడుగున చచ్చిన సూక్ష్మజీవుల బురద నొక్కుకుపోయి చమురైంది. పైన ఉప్పు, కింద నూనె. ఒకే గుంట మనుషుల్ని తరిమే సరుకునీ ఇచ్చింది, కంపెనీల్ని పిలిచే సరుకునీ ఇచ్చింది. కౌంటీ చరిత్రంతా ఈ రెంటి మధ్య లాగులాటే.

ఇక్కడ నేలలోకి మొదట గునపం దించిన బయటివాడు నూనె కోసం రాలేదు, నీళ్ల కోసం వచ్చాడు. పసిఫిక్ తీరానికి రైలుమార్గం వెయ్యాలంటే దారిలో నీళ్లు కావాలి కదా అని అమెరికా సైన్యం 1855లో కెప్టెన్ జాన్ పోప్‌ని ఇక్కడికి పంపింది. తవ్వితే నీళ్లు వాటంతటవే ఉబికి వస్తాయన్నది ఆయన నమ్మకం. మూడేళ్ల పాటు, 1858 దాకా, గొట్టాలు దించుతూనే పోయాడు. ఉబికి వచ్చిన బావి ఒక్కటీ లేదు. తర్వాత అంతర్యుద్ధంలో 1862లో రెండో బుల్ రన్ యుద్ధం ఓడిపోయిన జనరల్ పోప్ ఈయనే. ఆయన విడిది చేసిన చోటు ఇప్పుడు రెడ్ బ్లఫ్ జలాశయం కింద మునిగి ఉంది. నీళ్లు దొరకని మనిషి గుడారం నీళ్ల పాలయింది.

లవింగ్ అన్న పేరులో ప్రేమ వ్యవహారం ఏమీ లేదు. ఆలివర్ లవింగ్ పశువుల వ్యాపారి. 1866లో చార్లెస్ గుడ్‌నైట్‌తో కలిసి పెకోస్ ఒడ్డు వెంబడి మందని న్యూమెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్‌కి తోలాడు. సైన్యం అక్కడ వేల మంది నవాహో ఆదివాసుల్ని బంధించి ఉంచింది, వాళ్లకి పెట్టడానికి మాంసం కావాలి. మరుసటేడు మళ్లీ తోలుతూ, కాంట్రాక్టు వేలానికి ముందుగా అందుకోవాలని ఒకే ఒక్క తోడుతో మందని వదిలి ముందుకు పోయాడు. రాత్రిళ్లు మాత్రమే ప్రయాణం చెయ్యమన్న మాట పక్కనపెట్టి పగలు గుర్రమెక్కాడు. కొమాంచీ తెగవాళ్లు చుట్టుముట్టారు. గాయాలతో ఫోర్ట్ సమ్నర్ చేరాడు కానీ, చెయ్యి కుళ్లి 1867 సెప్టెంబర్ 25న చనిపోయాడు. పరాయిచోట పాతిపెట్టొద్దని అడిగాడట. గుడ్‌నైట్ ఆ మాట నిలబెట్టుకుని, శవాన్ని తవ్వితీసి వందల మైళ్లు బండి మీద మోసుకొచ్చి టెక్సస్‌లోని వెదర్‌ఫర్డ్‌లో సమాధి చేశాడు. కౌంటీకి పేరిచ్చిన మనిషి ఆ నేల మీద దారినపోయే దానయ్యే తప్ప, ఇల్లు కట్టి కాపురం చేసినవాడు కాదు. తర్వాత వచ్చినవాళ్లలో చాలామందికి ఆ వరస అచ్చొచ్చింది.

1887లో టామ్ గ్రీన్ కౌంటీ నుంచి విడదీసి కాగితం మీద లవింగ్ కౌంటీని గీశారు. గియ్యడం వేరు, పాలన మొదలవడం వేరు. దానికి జనం కావాలి, సంతకాలు కావాలి. అక్కడే 1893 అర్జీ వస్తుంది. డెన్వర్ నుంచి వచ్చిన కొందరు కాలువల కంపెనీ పెట్టారు. పెకోస్ నీళ్లు మళ్లించి ఎడారిని మాగాణి చేస్తాం, భూములు అమ్ముతాం అన్నారు. సొంత కౌంటీ ఉంటే సొంత ఖజానా, సొంత కోర్టు, సొంత దస్తావేజులు. పనికి అడ్డం చెప్పేవాడుండడు. అందుకే ఆ సంతకాలు. వెనకటి రోజుల్లో పత్రికల్లో లేఅవుట్ ప్రకటనలు చూసినవాళ్లకి ఈ వాసన ఇట్టే పడుతుంది. మొదట బొమ్మ గీస్తారు, తర్వాత ఊరి పేరు పెడతారు, నీళ్ల సంగతి ఆఖరున చూస్తారు. ఊరి పేరు కూడా అందంగా పెట్టారు. మెంటోన్. ఫ్రాన్సులో మధ్యధరా ఒడ్డున ఉన్న విడిది పట్నం పేరు అది.

1893 ఆగస్టులో పెకోస్ పొంగింది. ఎగువన న్యూమెక్సికోలో అవలాన్ ఆనకట్టే కొట్టుకుపోయింది. లవింగ్ కాలువల పథకమూ దాంతోపాటే పోయింది. తర్వాత ఎన్నికల తీరు మీద, అర్జీలోని పేర్ల మీద అనుమానాలు లేచాయి. అధికారులు ఊరొదిలిపోయారు, వాళ్లతోపాటు రికార్డులూ కనపడకుండా పోయాయంటారు. 1897లో టెక్సస్ శాసనసభ కౌంటీని రద్దుచేసి పక్కనున్న రీవ్స్ కౌంటీకి తగిలించింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రభుత్వ భూములు చౌకగా ఇస్తున్నారని కొన్ని కుటుంబాలు నిజంగానే వచ్చాయి. 1910లో జనాభా 249. నది ఒడ్డున పోర్టర్‌విల్ అని ఒక ఊరు లేచింది. కరువు తగిలింది, 1920కి 82 మంది మిగిలారు. 1930 ప్రాంతంలో ఆ ఊరి నుంచి ఒక చిన్న చెక్క కట్టడాన్ని యథాతథంగా లాక్కొచ్చి మెంటోన్‌లో పెట్టారు. బడీ గుడీ రెండూ అందులోనే నడిచాయి. కౌంటీలో ఇప్పటికి నిలిచి ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది అదే. ఊరు పోయింది, ఒక గది మిగిలింది.

1920లలో చమురు పడటంతో వ్యవహారం తిరగబడింది. నీళ్లు మాట తప్పిన చోట నూనె మాట నిలబెట్టుకుంది. పనివాళ్ల గుడారాలు వెలిశాయి. రామ్సే అని ఒక కొత్త ఊరు పుట్టింది. తపాలా శాఖ ఆ పేరు ఒప్పుకోకపోవడంతో, పాత మోసపు ఊరి పేరునే తెచ్చి అతికించారు. అదే ఇప్పటి మెంటోన్. పాత మెంటోన్ దీనికి ఉత్తరాన కొన్ని మైళ్ల దూరంలో ఉండేది. 1931లో కౌంటీ రెండోసారి ఏర్పడింది. టెక్సస్‌లో రెండుసార్లు ఏర్పడిన కౌంటీ ఇదొక్కటే. అన్నిటికన్నా ఆఖరున ఏర్పడింది కూడా ఇదే. 1935లో ఇటుకలతో కోర్టుహౌస్ కట్టారు, ఇప్పటికీ పాలన అందులోంచే.

1940 లెక్కల్లో 285 మంది. పదేళ్లకోసారి తీసే లెక్కల్లో లవింగ్ అంతకు మించి ఎప్పుడూ ఎదగలేదు. ఆ దశాబ్దంలోనే, 1945లో, ఎడ్నా రీడ్ క్లేటన్ అనే యువతిని షెరీఫ్‌గా నియమించారు. తర్వాత ఎన్నికల్లోనూ గెలిచి, టెక్సస్‌లో ఓటుతో షెరీఫ్ అయిన తొలి మహిళగా పేరు తెచ్చుకుంది. తుపాకీ పెట్టుకునేది కాదట. పెద్దగా అరెస్టులు చెయ్యాల్సిన అవసరమూ రాలేదు. అందరూ అందరికీ తెలిసిన చోట తప్పు చేసినవాడు పారిపోయినా ఎక్కడికి పోతాడు?

తర్వాత కథ దిగుడు మెట్లే. 1960లో 226, 1970లో 164, 1980లో 91. పాత పద్ధతిలో పైపైన తీయగలిగిన నూనె తీసేశారు. బడికి వచ్చే పిల్లలు ఇద్దరంటే ఇద్దరు మిగిలేసరికి 1972లో మెంటోన్ బడిని మూసి, పక్క కౌంటీలోని వింక్ బడితో కలిపేశారు. పిల్లలు రోజూ బస్సెక్కి కౌంటీ దాటి పోవాలి. ఆస్పత్రి లేదు, బ్యాంకు లేదు. ఊరికి మంచినీటి సరఫరా వ్యవస్థ కూడా లేక, దశాబ్దాల పాటు లారీల్లో తెచ్చి తొట్లలో పోసుకున్నారు. పట్నాల్లో మనకి ఎండాకాలం వచ్చే ట్యాంకరు అక్కడ పన్నెండు నెలలూ వచ్చేది.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి రెడ్ బ్లఫ్ గురించి ఒక మాట. 1936లో పూర్తయిన ఈ ఆనకట్ట న్యూమెక్సికో హద్దు పక్కనే ఉంది. దిగువ రైతుల సేద్యానికని కట్టారు. ఎగువ రాష్ట్రం నీళ్లు వదలడం లేదన్న గొడవ మనకి కొత్తేమీ కాదు. పెకోస్ నీళ్ల పంపకానికి 1948లో రెండు రాష్ట్రాలూ ఒప్పందం రాసుకున్నాయి. అది సరిగా అమలు కావడం లేదని టెక్సస్ రాష్ట్రం అమెరికా సుప్రీం కోర్టుకెక్కింది. 1980ల చివరికి తీర్పు టెక్సస్ వైపు వచ్చి, పాత బాకీకి న్యూమెక్సికో 1.4 కోట్ల డాలర్లు కట్టింది. ఆ నీళ్లైనా తీపివా అంటే అదీ కాదు. 1985లో పెకోస్‌లో బంగారు నాచు పెరిగి చేపలు కుప్పలుగా చచ్చాయి. నీటిలో ఉప్పు ఎక్కువైన చోట ఆ నాచు బాగా పెరుగుతుంది.

2010 తర్వాత లవింగ్ మళ్లీ పేపర్లకెక్కింది. రెండు మైళ్ల లోతుకు నిలువుగా దించి, అక్కణ్ణుంచి అడ్డంగా ఇంకో రెండు మైళ్లు తొలిచి, ఇసుక కలిపిన నీళ్లతో రాతిని పగలగొట్టే పద్ధతి డెలవేర్ బేసిన్‌లోని వుల్ఫ్‌క్యాంప్, బోన్ స్ప్రింగ్ పొరలకి అతికినట్టు సరిపోయింది. అమెరికా తీసే ముడిచమురులో సగానికి దగ్గరగా ఇప్పుడు, డెలవేర్ కూడా భాగమైన పర్మియన్ బేసిన్ నుంచే వస్తోంది. అందులో లవింగ్ పెద్ద ఉత్పత్తిదారుల్లో ఒకటి. మెంటోన్ మీదుగా పోయే 302వ నంబరు రోడ్డు మీద ఇసుక లారీలు, నీళ్ల లారీలు, గొట్టాల లారీలు రాత్రీ పగలూ వరస కట్టాయి. రోడ్డు పక్కన ఇరుకు గదుల క్యాంపులు లేచాయి. రాత్రిపూట వృథా గ్యాసు మంటలు దిగంతం చుట్టూ వెలుగుతుంటాయి. దూరం నుంచి చూసినవాడు అక్కడేదో పెద్ద పట్నం ఉందనుకుంటాడు.

ఇంత జరుగుతుంటే జనాభా ఎంత పెరగాలి? 2010లో 82 ఉన్నది 2020కి 64 అయింది. చమురు పోటెత్తింది, మనుషులు తగ్గారు.

ఇందులో చిక్కుముడేమీ లేదు. టెక్సస్ చట్టంలో నేల పైభాగం ఒక ఆస్తి, కింద ఉన్న ఖనిజం వేరే ఆస్తి. రెంటినీ విడదీసి అమ్ముకోవచ్చు. వచ్చిన పేచీల్లో ఖనిజానిదే పైచెయ్యి. తాత కాలంలో పైభాగం ఒకరికి, కిందిభాగం ఇంకొకరికి పోయి ఉంటే, ఇప్పుడు బావి ఎవరి దొడ్లో తవ్వారో ఆ రైతుకి రాయల్టీ దక్కకపోవచ్చు. రాయల్టీ చెక్కు ఎక్కడో మహానగరంలో ఉండే మనవరాలికి పోతుంది. ఇంకో పెద్ద యజమాని ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో టెక్సస్ అండ్ పసిఫిక్ రైలు కంపెనీకి రాష్ట్రం లక్షల ఎకరాల బంజరు ఇచ్చింది. కంపెనీ దివాలా తీస్తే 1888లో ఆ భూములన్నీ ఒక ట్రస్టు కిందకు వచ్చాయి. అదే ఇప్పుడు టెక్సస్ పసిఫిక్ ల్యాండ్ అనే కంపెనీ. లవింగ్‌లోనూ చుట్టుపక్కల కౌంటీల్లోనూ దానికి విస్తారంగా నేల ఉంది. ఆఫీసు డాలస్‌లో.

సంపాదన వెళ్లిపోతుంది, సరే. పన్ను మాత్రం వెళ్లదు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కౌంటీలూ బళ్లూ నడిచేది ఆస్తి పన్ను మీద. భూమిలోని నూనె కూడా ఆస్తే, ఏటా దానికి విలువ కట్టి పన్ను వేస్తారు. అలా అరవై మంది పాలించే కౌంటీ ఖజానాకి కోట్ల డాలర్లు చేరుతున్నాయి. బడి పన్నులో కొంత, 1993లో వచ్చిన చట్టం ప్రకారం, పేద బడులకి పోతుంది. ఉన్నవాడి దగ్గర తీసి లేనివాడికి పెడుతుంది కాబట్టి దానికి రాబిన్ హుడ్ చట్టం అని పేరు పడింది. కౌంటీ డబ్బుకి అలాంటి కోతేమీ లేదు.

ఇక ఓట్ల సంగతి ఇక్కడే అర్థమవుతుంది. ఒకప్పుడు లవింగ్‌లో కమిషనర్ పదవి అంటే మట్టిరోడ్లు చదును చేయించే చాకిరీ. ఇప్పుడది పెద్ద ఖజానా మీద పెత్తనం. అయిదారు ఓట్లు అటూ ఇటూ అయితే ఫలితం తారుమారు. ఓటు హక్కు ఎవరిదన్న ప్రశ్నకి టెక్సస్ చట్టం ఇచ్చే జవాబేమో మెత్తగా ఉంటుంది. నివాసమంటే మనిషికి స్థిరమైన ఇల్లు, తాత్కాలికంగా ఎటు పోయినా తిరిగి వచ్చే ఉద్దేశం ఉన్న చోటు. ఉద్దేశం! కౌంటీలో రాంచ్, అంటే పశువుల్ని మేపే సొంత భూమి, ఉండి, పిల్లల చదువు కోసమో ఉద్యోగం కోసమో ఇంకోచోట ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లు ‘మా ఇల్లు ఇక్కడే, ఎప్పటికైనా వచ్చేస్తాం’ అంటే కాదనడం ఎలా? పండక్కి మాత్రమే తాళం తీసే ఊరింటి చిరునామా మీద ఓటు ఉంచుకున్న కుటుంబాలు మనకీ తెలుసు. జనాభా లెక్క మాత్రం ఉద్దేశాన్ని అడగదు, మనిషి మామూలుగా ఎక్కడ ఉంటాడో అదే అడుగుతుంది. రెండు లెక్కల కొలబద్దలే వేరు. 64 తలలకి 66 ఓట్లు రావడానికి దొంగతనం అక్కర్లేదు, ఈ తేడా చాలు. అయితే ఆ సందులోంచి ఎవరెవరు దూరుతున్నారన్నదాని మీదే ఎన్నికల తర్వాత ఒకరి మీద ఒకరు కేసులు వేసుకుంటుంటారు. 2021లో టెక్సస్ శాసనసభ, ఎన్నికల ఫలితాన్ని మార్చడం కోసం నివాసం చూపకూడదని నిబంధన బిగించింది. మనసులో ఏముందో రుజువు చెయ్యడం మాత్రం ఎప్పటిలాగే కష్టం.

ఇంత చిన్న కౌంటీని గుప్పిట పట్టొచ్చన్న ఆలోచన బయటివాళ్లకీ వచ్చింది. 2000ల మధ్యలో, ప్రభుత్వ జోక్యం వీలైనంత తక్కువ ఉండాలనే కొందరు స్వేచ్ఛావాదులు లవింగ్ మీద కన్నేశారు. కొన్ని పదుల మంది వచ్చి ఓటర్లుగా నమోదైతే పాలన మొత్తం చేతికి వస్తుందన్నది వాళ్ల లెక్క. భూమి కొనుగోలు దగ్గరే వ్యవహారం బెడిసికొట్టి వెనుదిరిగారు. 1893 నాటి డెన్వర్ పెద్దమనుషులది కూడా ఇదే లెక్క. కాకపోతే వీళ్లు పాపం మనుషుల్ని నిజంగానే తెద్దామనుకున్నారు.

భూమి కింద ఖాళీ చేస్తూ పోతే పైన ఏమవుతుందన్నది ఇంకో పద్దు. ఒక్క పీపా నూనెతో పాటు మూడు నాలుగు పీపాల ఉప్పునీరు పైకి వస్తుంది. తాగడానికి పనికిరాదు, పొలానికి పనికిరాదు. మళ్లీ భూమిలోకే ఎక్కిస్తారు. ఎక్కించే కొద్దీ లోపలి ఒత్తిడి పెరిగి పాత పగుళ్లు కదులుతాయి. 2020 మార్చి 26న మెంటోన్‌కి పడమరగా 5.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2022 నవంబర్‌లో అదే వైపు 5.4 వచ్చింది. ఆ మీదట లోతు బావుల్లోకి నీళ్లు ఎక్కించడం మీద రాష్ట్రం ఆంక్షలు పెట్టింది. ఇంతకు ముందే, 1980లోనూ 2002లోనూ, పక్కనున్న వింక్ దగ్గర నేల ఉన్నట్టుండి కుంగి పెద్ద గోతులు పడ్డాయి. పాత బావుల వెంట మంచినీరు దిగి ఉప్పు పొరని కరిగించడమే కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. ఇక్కడ ఉప్పుని కదిపితే అది ఊరుకోదు.

64 అన్న అంకె దగ్గర ఇంకో మెలిక ఉంది. 2020 లెక్కల్లో అమెరికా జనాభా శాఖ, మనుషుల వివరాలు బయటపడకుండా, చిన్న ప్రాంతాల అంకెల్లో కావాలనే కొంచెం తేడా కలిపింది. రాష్ట్రాల మొత్తం జనాభాని మాత్రం ఉన్నదున్నట్టు ఇచ్చారు, కౌంటీల అంకెలు ఆ కలుపుడు దాటి వచ్చినవే. లక్షల మంది ఉన్న కౌంటీకి నలుగురు అటో ఇటో అయితే పట్టించుకునేవాడు లేడు. లవింగ్‌లో నలుగురంటే ఊళ్లో ఒక ఇల్లు. కాబట్టి అందరూ ఎత్తిరాసే ఆ 64 కూడా అచ్చంగా 64 కాకపోవచ్చు.

క్యాంపుల్లో ఉండేవాళ్లు ఆ లెక్కలోకి ఎలా వస్తారన్నది చివరి ముడి. మనిషి ఎక్కువ రోజులు ఎక్కడ ఉండి, ఎక్కడ పడుకుంటాడో అదే అతని నివాసం అంటుంది జనాభా శాఖ. చమురు పనుల్లో రెండు వారాలు పని, ఒక వారం ఇల్లు అనే వంతు మామూలే. ఆ లెక్కన ఏడాదిలో మూడింట రెండు వంతుల రాత్రులు లవింగ్ ఇసుకలోనే గడుస్తాయి. లెక్కలవాళ్లు వచ్చి ‘మీ ఊరేది’ అని అడిగితే మాత్రం ఆ మనిషి చెప్పేది టెక్సస్‌లోనే ఉన్న ఒడెస్సానో, ఇంకెక్కడో తను పుట్టిన ఊరో. ఇల్లు ఉన్న చోటే, భార్యాపిల్లలు ఉన్న చోటే తన ఊరు. వచ్చే లెక్క 2030 ఏప్రిల్ 1న.